అరువు బాణీ, సొంత గొంతు

మన ఊళ్లలో డీజే అంటే మనిషి కాదు, బాక్సులు. పెళ్లి బరాత్‌లోనో వినాయక నిమజ్జనంలోనో బండి మీద పేర్చిన నల్లటి స్పీకర్లు, గుండెల మీద గుద్దినట్టుండే బేస్. "డీజే పెట్టిస్తున్నారా?" అని ఎవరైనా అడిగితే సౌండు సంగతి అడుగుతున్నారని అందరికీ తెలుసు. జమైకాలో ఆ బాక్సులకు, వాటి వెనకున్న మొత్తం సరంజామాకు సౌండ్ సిస్టమ్ అని పేరు. రికార్డులు ఎంచి తిప్పేవాడు సెలెక్టర్. డీజే అంటే మైకు పట్టుకున్నవాడు. రికార్డు తిరుగుతుంటే, గాయకుడి గొంతు ఆగిన సందు చూసుకుని అక్కడ తన మాటలు దూర్చేవాడు. ఈ పనికి టోస్టింగ్ అని పేరు.

ఇందులో మొదటి నుంచీ ఒక చిక్కుంది. బాణీ ఒకరిది, వాయించినవాళ్లు వేరు, టేపు మరొకరిది. డీజేది గొంతు ఒక్కటే. మరి పాట హిట్టయితే డబ్బు ఎవరికి? 1970లలో జమైకా డీజేలు చాలామంది ఈ ప్రశ్న దగ్గర తలకొట్టుకున్నవాళ్లే. బిగ్ యూత్ పేరుతో ప్రసిద్ధుడైన మాన్లీ అగస్టస్ బుకానన్ కథ కూడా దీని చుట్టూనే తిరుగుతుంది. అతని గొంతు గురించి, జడల గురించి, పళ్ల గురించి బోలెడు రాశారు. అతను నిర్మాత ఎందుకయ్యాడన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. ఆ వాక్యాన్నే కాస్త విప్పి చూడాలి.

జమైకాలో 1950లలోనే సౌండ్ సిస్టమ్‌లు జోరందుకున్నాయి. బ్యాండును పిలిపించే స్తోమత లేని పేటల్లో ఖాళీ జాగా చూసి బాక్సులు పెట్టేవారు, గేటు దగ్గర టికెట్ వసూలు చేసేవారు. రికార్డుకూ రికార్డుకూ మధ్య జనం చల్లబడకుండా మైకులో ఏదో ఒకటి అనేవాళ్లు అప్పుడే పుట్టుకొచ్చారు. కౌంట్ మచూకీ, కింగ్ స్టిట్ ఆ తరం వాళ్లు. వాళ్ల పని రాత్రి డాన్సుతో సరి. తెల్లారితే మిగిలేది ఏమీ ఉండేది కాదు.

1960ల చివర్లో వెర్షన్ అనేది వచ్చింది. సింగిల్ రికార్డుకు ఒక వైపు పాట, రెండో వైపు అదే పాట గొంతు తీసేసి, బేస్, డ్రమ్స్ మిగిల్చి. ఆ మిగిలిన దరువునే రిడిమ్ అంటారు. గాయకుడు పక్కకు తప్పుకోవడంతో డీజేకు కావలసినంత చోటు దొరికింది. 1970లో డ్యూక్ రీడ్ అనే నిర్మాత పాత హిట్ల రిడిమ్‌ల మీద యూ-రాయ్ అనే డీజే చేత మాట్లాడించి రికార్డులు వేశాడు. అవి జమైకా చార్టుల్లో పైకి దూసుకుపోయాయి. మైకులో కేకలు వేసేవాడి పేరు రికార్డు లేబుల్ మీదకు ఎక్కింది.

నిర్మాతకు ఇందులో ఎంత కలిసొచ్చిందో చూడండి. రిడిమ్‌కు అయ్యే ఖర్చు ఎప్పుడో అయిపోయింది. వాయిద్యగాళ్లకు మళ్లీ ఇవ్వాల్సింది లేదు. ఒక డీజేను పిలిచి, గంటో రెండు గంటలో స్టూడియోలో నిలబెట్టి, గంపగుత్తగా ఎంతో కొంత చేతిలో పెడితే కొత్త రికార్డు తయారు. అది అమ్ముడైనంత కాలం వచ్చేదంతా టేపు ఎవరిదో వాళ్లకే. చట్టం కూడా అటువైపే మొగ్గింది. బ్రిటిష్ వలస పాలన నాటి 1911 కాపీరైట్ చట్టమే స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా అక్కడ దశాబ్దాల పాటు నడిచింది. జమైకా సొంత చట్టం 1993లో గానీ రాలేదు. పాత చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు దాని మూల ప్రతి సొంతదారుదే. మైకు ముందు నిలబడి పాడినవాడికి విడిగా హక్కంటూ ఏమీ లేదు.

బుకానన్ 1949 ఏప్రిల్ 19న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. ట్రెంచ్ టౌన్ అనే పేటలో పేదరికం. తల్లి చర్చి బోధకురాలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అతని గొంతులోని ఆ సాగతీత, ఒకే స్వరం మీద నిలబడి వాక్యం చివర్లో మెల్లగా దిగే తీరు, డాన్సు కంటే ప్రార్థనకు దగ్గరగా ఉంటుంది. 14 ఏళ్లకే చదువు ఆపేసి మెకానిక్ పనిలో చేరాడు. కింగ్‌స్టన్‌లోని ఒక హోటల్లో పని చేస్తున్నప్పుడు తోటివాళ్లు పెట్టిన పేరే బిగ్ యూత్. మనిషి పొడగరి. ఖాళీ గదుల్లో తనలో తాను టోస్టింగ్ సాధన చేసుకునేవాడట. ఖాళీ గదిలో గొంతు ఎలా మోగుతుందో బాత్‌రూమ్‌లో పాడుకునే ప్రతివాడికీ తెలిసిన విషయమే.

ఆ తర్వాత లార్డ్ టిప్పర్‌టోన్ అనే సౌండ్ సిస్టమ్‌లో మైకు దొరికింది. పేరు పేటలు దాటింది. తొలి రికార్డు 'మూవీ మ్యాన్' గ్రెగరీ ఐజాక్స్, ఎరోల్ డంక్లీ అనే ఇద్దరు కుర్ర గాయకులు పెట్టుకున్న ఆఫ్రికన్ మ్యూజియం లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చింది. డంక్లీ పాడిన పాట రిడిమ్‌నే వాడారు. పెద్ద నిర్మాతల దగ్గర డబ్బు రాలడం లేదని ఆ గాయకులు సొంతంగా లేబుల్ పెట్టుకున్నారు. బుకానన్ కళ్ల ముందు మొదటి రోజు నుంచే ఒక దారి కనబడుతూ ఉందన్నమాట. కాకపోతే ఆ రికార్డు పెద్దగా ఆడలేదు. ఆ తర్వాత చేసిన మరికొన్నీ అంతే.

1972లో కీత్ హడ్సన్ అనే నిర్మాత పిలిచాడు. హడ్సన్ దంత వైద్యానికి సంబంధించిన పనిలో శిక్షణ పొందినవాడు. పళ్ల మీద సంపాదించింది పాటల మీద పెట్టేవాడు. అప్పట్లో కింగ్‌స్టన్ కుర్రాళ్లకు హోండా ఎస్-90 అంటే పిచ్చి. 90 సీసీ బండి, చిన్నదే, కానీ దాని మీద కూర్చున్నవాడు పేటకు రాజు. మన దగ్గర ఒక తరానికి యెజ్డీ, తర్వాతి తరానికి ఆర్ఎక్స్ 100 ఎలాగో అలాగ. పాట దాని మీదే: 'ఎస్-90 స్కాంక్'. బండి మోజును పొగుడుతూనే, జోరు తగ్గించి నడపమని బుద్ధి చెబుతుంది. హడ్సన్ చేసిన పని ఏమిటంటే, నిజం బండినే డైనమిక్ స్టూడియోలోకి తెప్పించాడు. మైకు ముందు ఇంజిన్ స్టార్ట్ చేయించి, రేజ్ చేయించి, ఆ మోత టేపు మీదకు ఎక్కించాడు. రికార్డు పెట్టగానే ముందు వినబడేది పాట కాదు, బండి. ఆ మోత డాన్సులో మనిషెత్తు బాక్సుల్లోంచి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మోత తగ్గుతుండగా బేస్ మెల్లగా నడక మొదలుపెడుతుంది. దాని మీద అసలు తొందరే లేని గొంతు. పాట వేగం గురించి, పాడినవాడికి వేగం అక్కర్లేదు. ఈ ఎదురుబొదురే దాని అందం.

అది జమైకాలో నంబర్ 1 అయింది. దాని మాస్టర్ టేపు, అంటే మూల ప్రతి, మాత్రం హడ్సన్‌ది.

ఆ వెంటనే బుకానన్‌కు తీరిక లేకుండా పోయింది. జో గిబ్స్, ప్రిన్స్ బస్టర్, డెరిక్ హారియట్, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర రికార్డు చేశాడు. 1973 జనవరి 22న కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో జార్జ్ ఫోర్‌మన్, జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ గెలిస్తే, దాని మీద కూడా బిగ్ యూత్ రికార్డు వచ్చేసింది. డీజే అప్పట్లో పత్రిక లాంటివాడు. ఊళ్లో పొద్దున జరిగింది సాయంత్రం మైకులో వినబడాలి.

వాటన్నిటిలో నిలిచిపోయింది 'స్క్రీమింగ్ టార్గెట్' ఆల్బమ్. దాన్ని చేసిన అగస్టస్ 'గస్సీ' క్లార్క్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఇద్దరి పేర్లలోనూ అగస్టస్ ఉండటం కాకతాళీయం. టైటిల్ పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే డీజే కళ మొత్తం అందులో దొరుకుతుంది. కింద ఉన్నది కె.సి. వైట్ పాడిన 'నో నో నో' అనే ప్రేమ పాట. క్లార్క్ ఆ గొంతును పూర్తిగా చెరిపేయలేదు. రెండు మాటలు వినిపించి మాయం చేస్తాడు, మళ్లీ ఎక్కడో ఒక ముక్క తేలి వస్తుంది. ఆ మాయమైన చోట బిగ్ యూత్ అందుకుంటాడు. ముందు ఒక అరుపు, తర్వాత సినిమా కబుర్లు, డాన్సు కబుర్లు, హితబోధ, అన్నీ ఒకే ధోరణిలో. బుర్రకథలో వంతలు కథకుడికి ఊతమిస్తారు. ఇక్కడ తిరగబడింది: పాడినవాడు వంతగా మిగిలిపోయాడు, కబుర్లు చెప్పేవాడు కథకుడైపోయాడు.

యూ-రాయ్‌తో పోల్చితే తేడా తెలుస్తుంది. యూ-రాయ్ గాయకుడికి జవాబు చెబుతాడు. పాటలో ప్రశ్న వస్తే కేకేసి సమాధానమిస్తాడు, గొంతు పైకి లేపుతాడు, సరదా పుట్టిస్తాడు. బిగ్ యూత్‌కు కింద ఉన్న పాటతో పెద్దగా పని లేదు. దరువు చాలు. దాని మీద తన ఆలోచనలు తను చెప్పుకుంటూ పోతాడు. పాట ఏ ప్రేమ గురించైనా కావచ్చు, అతను మాత్రం ఆకలి గురించీ ఆఫ్రికా గురించీ మాట్లాడతాడు. పాటను పట్టించుకోనివాడు పాట మీద ఆధారపడటం ఎన్నాళ్లు? నిర్మాత కావాలన్న ఆలోచన అతని టోస్టింగ్ పద్ధతిలోనే ఉందనిపిస్తుంది.

1973లోనే సొంత లేబుల్ పెట్టాడు. పేరు నెగూసా నగాస్త్. ఇథియోపియా చక్రవర్తుల బిరుదు అది, మన మాటలో రాజాధిరాజు. జమైకాలో పుట్టిన రస్తాఫారీ మతం వాళ్లకు ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ దైవం కాబట్టి ఆ పేరులో భక్తి ఉంది. గంపగుత్త కూలికి పాడి పాడి విసిగినవాడు తన కంపెనీకి రాజాధిరాజు అని పేరు పెట్టుకోవడంలో కాస్త కసి కూడా ఉండే ఉంటుంది. రెండో లేబుల్‌కు ఇంకే బిరుదులూ పెట్టలేదు, తన అసలు పేరే పెట్టాడు: అగస్టస్ బుకానన్.

జమైకాలో నిర్మాత అంటే ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనిషి అనుకోకూడదు. స్టూడియో అద్దె కట్టాలి. వాయిద్యగాళ్లకు పాటకింత చొప్పున ఇవ్వాలి. టేపు పట్టుకెళ్లి రికార్డులు అచ్చు వేయించాలి. ఆ ఏడంగుళాల సింగిల్స్‌ను కట్టలు కట్టి ఆరెంజ్ స్ట్రీట్ వైపు షాపులకు చేరవేయాలి, సౌండ్ సిస్టమ్‌ల వాళ్లకు అందించాలి, రేడియోలో వేయించడానికి తంటాలు పడాలి. అమ్మకం డబ్బు చేతికొచ్చేలోపు తర్వాతి పాట ఖర్చు మీద పడుతుంది. పాడినందుకు వెంటనే వచ్చే కూలి వదులుకుని ఇదంతా నెత్తికెత్తుకోవడం తెలిసి తెలిసి టెన్షన్ కొని తెచ్చుకోవడమే. కానీ అన్నీ సరిగ్గా కుదిరితే టేపు తనది.

టేపు తనదైతే ఏం చేయవచ్చో 'స్ట్రీట్స్ ఇన్ ఆఫ్రికా'లో చూపించాడు. వార్ అనే అమెరికన్ బ్యాండ్ పాట దానికి మూలం. అందులో డెనిస్ బ్రౌన్, హెప్టోన్స్ గొంతులు కలిశాయి. ఇంతకుముందు గాయకుడి పాట తయారయ్యాక డీజే వచ్చి చోటు వెతుక్కునేవాడు. ఇక్కడ డీజే పిలిస్తే గాయకులు వచ్చి పాడారు. వరస మారిపోయింది.

అయితే ఈ కథ అంత సూటిగా సాగలేదు. సొంత నిర్మాణంలో బిగ్ యూత్ టోస్టింగ్‌తో ఆగకుండా పాడటం కూడా మొదలుపెట్టాడు. 'హిట్ ద రోడ్ జాక్' పాడాడు, రే చార్ల్స్ ప్రసిద్ధం చేసిన పాట. డయానా రాస్ 'టచ్ మీ ఇన్ ద మార్నింగ్' పాడాడు. నిజం చెప్పాలంటే అతను గొప్ప గాయకుడేమీ కాదు. శ్రుతి అటూ ఇటూ జారుతుంది, పై స్థాయికి వెళ్తే గొంతు నిలవదు. అయినా ఆ పాటల్లో ఒక ఆకర్షణ ఉంది, పని చేసుకుంటూ ఎవరో పాత పాట కూనిరాగం తీస్తున్నట్టు. విచిత్రం ఏమిటంటే, అరువు బాణీల నుంచి బయటపడటానికి లేబుల్ పెట్టినవాడు అక్కడికి వచ్చి మళ్లీ అమెరికా బాణీలు అరువు తెచ్చుకున్నాడు. రికార్డింగు హక్కు ఒకటి, పాట రచన హక్కు మరొకటి. మొదటిది చేతికొచ్చినా రెండోది వేరేవాళ్లదే. 'హిట్ ద రోడ్ జాక్' రాసింది పెర్సీ మేఫీల్డ్.

ఇదే కాలంలో అతని రూపం కూడా జనానికి కంఠతా వచ్చింది. ముందు పళ్లలో ఎరుపు, బంగారం, ఆకుపచ్చ రంగుల రాళ్లు పొదిగించుకున్నాడు. నవ్వితే ఇథియోపియా జెండా కనబడేది. వేదిక మీద టోపీ తీసి జడలు విదిల్చేవాడు. ఇప్పుడు టీషర్టుల మీద అచ్చేసే బొమ్మ అది. అప్పట్లో రస్తా జడలంటే ఉద్యోగం రాదు, పోలీసులు పట్టుకెళ్లి కత్తిరించేసేవారు, సొంత ఇంట్లోనే తలుపు వేసేవాళ్లు. అలాంటప్పుడు చార్టుల్లో ఉన్న పాటగాడు టోపీ కింద దాచుకోవాల్సిన వాటిని బయట పెట్టడం చిన్న విషయం కాదు.

1975లో వచ్చిన 'డ్రెడ్‌లాక్స్ డ్రెడ్' అతని ఆల్బమ్‌లలో చాలామంది మొదట చెప్పేది. చిత్రంగా అది అతని సొంత నిర్మాణం కాదు, ప్రిన్స్ టోనీ రాబిన్సన్‌ది. సొంత లేబుల్ ఉన్నా బయటివాళ్లకు పాడటం పూర్తిగా మానలేదు. కూలి డబ్బుతో లేబుల్, లేబుల్ పేరుతో మళ్లీ పిలుపులు, అలా నడిచింది. ఇందులో 'మార్కస్ గార్వీ డ్రెడ్' బర్నింగ్ స్పియర్ అనే గాయకుడి పాట రిడిమ్ మీద ఉంటుంది. 'ట్రెయిన్ టు రొడీషియా' పేరులోనే ఆఫ్రికా వైపు చూపు ఉంది. జింబాబ్వే ఇంకా తెల్లవాళ్ల రొడీషియాగానే ఉన్న రోజులవి. ఆ దేశం పేరు 1980లో మారింది.

ఇంగ్లండ్‌లో అతని రికార్డులు ట్రోజన్, క్లిక్, తర్వాత వర్జిన్ వాళ్ల ఫ్రంట్ లైన్ లేబుల్ మీద వచ్చాయి. వలస వెళ్లిన జమైకా కుటుంబాల పిల్లలు కొన్నారు, వాళ్ల పక్కింటి తెల్ల పంక్ కుర్రాళ్లు కూడా కొన్నారు. 1978లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ విడిపోయిన కొద్ది రోజులకే దాని గాయకుడు జాన్ లైడన్ వర్జిన్ అధినేత రిచర్డ్ బ్రాన్సన్‌తో కలిసి ఫ్రంట్ లైన్‌కు కళాకారులను వెతకడానికి జమైకా వెళ్లాడు. అక్కడ అతను కలిసినవాళ్లలో బిగ్ యూత్ ఒకడు. అదే ఏడాది 'రాకర్స్' సినిమాలో కూడా కనిపించాడు. ఆ సినిమా కథ కూడా రికార్డులు మోటర్‌బైకు మీద వేసుకుని షాపులకు అమ్ముకునే ఒక డ్రమ్మర్ గురించే కావడం చూస్తే, ఈ చేరవేత కష్టం ఆ రోజుల్లో ఎంత మామూలో తెలుస్తుంది.

ఈ దారిన నడిచినవాడు అతనొక్కడే కాదు. ట్యాపా జూకీ అనే డీజే 'స్టార్స్' పేరుతో లేబుల్ పెట్టాడు. ప్రిన్స్ ఫార్ ఐ అనే మరో డీజే 'క్రై టఫ్' లేబుల్ పెట్టి డబ్ ఆల్బమ్‌లు (గొంతు తగ్గించి దరువుకు పెద్దపీట వేసేవి) వరుసగా వేశాడు, 1983 సెప్టెంబరులో కింగ్‌స్టన్‌లోని తన ఇంట్లోనే తుపాకీ కాల్పులకు బలయ్యాడు. యూ-రాయ్ లేబుల్ వైపు కంటే సౌండ్ సిస్టమ్ వైపు మొగ్గాడు. అతని స్టర్ గావ్ అనే సౌండ్ సిస్టమ్‌లో మైకు పట్టుకుని పైకొచ్చిన డీజేలు ఎందరో. అంటే ఒకే రోగానికి ఎవరి మందు వాళ్లు వెతుక్కున్నారు. ఎవరూ డ్యూక్ రీడ్ అంత ఆస్తి కూడబెట్టలేదు.

నెగూసా నగాస్త్ మొదలైన 1973లోనే, ఆగస్టు 11న, న్యూయార్క్ బ్రాంక్స్‌లో బడి తెరిచే ముందు చెల్లెలి బట్టల ఖర్చు కోసం పెట్టిన పార్టీలో కింగ్‌స్టన్‌లో పుట్టిన ఒక కుర్రాడు రికార్డులు తిప్పాడు. అతను కూల్ హెర్క్. హిప్-హాప్ అక్కడ పుట్టిందని చెబుతారు. దరువు మీద మాట్లాడటం అనే జమైకా విద్య అమెరికాలో కోట్ల డాలర్ల వ్యాపారమైంది. జమైకాలో దాన్ని చేసినవాళ్లు అప్పటికింకా షాపుల చుట్టూ బాకీల కోసం తిరుగుతున్నారు.

1980లలో గాలి మారింది. యెల్లోమ్యాన్ లాంటి డీజేలు రస్తా బోధలు పక్కనపెట్టి చిలిపి, బూతు కబుర్లతో డాన్సులు ఊపేశారు. 1985లో కింగ్ జామీ, వేన్ స్మిత్ కలిసి చేసిన 'స్లెంగ్ టెంగ్' రిడిమ్ ఒక చిన్న కాసియో కీబోర్డులోంచి వచ్చింది. బేస్ వాయించే మనిషి, డ్రమ్స్ వాయించే మనిషి అక్కర్లేని రోజులు. బిగ్ యూత్ తన పద్ధతి మార్చుకోలేదు. అమెరికాలోని హార్ట్‌బీట్ లేబుల్ మీద ఆల్బమ్‌లు వేస్తూ పోయాడు. 1985లో వచ్చిన దాని పేరు 'ఎ లూటా కంటినువా', మొజాంబిక్ విముక్తి పోరాట నినాదం, పోరాటం సాగుతూనే ఉందని. జమైకా డాన్సుల్లో ఆ పోరాటానికి అప్పటికి పెద్దగా గిరాకీ లేదు. రెగే సన్‌స్ప్లాష్ లాంటి పెద్ద కచేరీల్లో మాత్రం అతను వస్తే జనం లేచి నిలబడేవారు.

2001లో బ్రిటన్‌కు చెందిన బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ 'నాటీ యూనివర్సల్ డ్రెడ్' పేరుతో మూడు సీడీల పెట్టె విడుదల చేసింది. 1973 నుంచి 1979 దాకా బిగ్ యూత్ సొంతంగా చేసిన రికార్డులు అందులో పేర్చారు. అప్పట్లో కట్టలు కట్టి షాపులకు మోసిన సింగిల్సే, ఈసారి శుభ్రం చేసిన ధ్వనితో, ఫోటోలతో, చరిత్ర రాసిన పుస్తకంతో. అతని పేరును మొదట ఊరూరా మోగించిన ఆ హోండా బండి పాట మాత్రం హడ్సన్ ఖాతాలోది.